బిషప్పు అజరయ్యగారి నిలువుటంగీ



కాణిపాకము చుట్టుపట్ల పల్లెలలో మేము సేవచేయుచుండగా, గురువులకు ఈ తెల్లని అంగీ యేల, మెడలో పట్టీ యేల అని విశ్వాసులు అడుగుచుందురు. అడుగుట న్యాయమే. చిత్తూరు ప్రాంతమున సువార్త నాటిన ఆర్కాటు మిషను రిఫార్మ్డు సంఘమునకు చెందినది. తెల్లని అంగీ ఆంగ్లికనుల ఆచారము. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడగా ఇరువురును ఒకే యింటివారైరి. ఆ ఐక్యత కొరకు ఎంతో ప్రయాసపడి, దానిని చూడకయే గతించిన బిషప్పు వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారి జీవితమే ఈ ప్రశ్నకు జవాబు.

ఆయన 1874 ఆగస్టు 17న తిరునెల్వేలి సీమలోని ఒక పల్లెలో నాడార్ కుటుంబమున జన్మించెను. తండ్రి గ్రామ గురువు. పొరుగున నున్న తిరువాన్కూరు రాజ్యములో ఆ కులపు స్త్రీలు రొమ్ముపై వస్త్రము కప్పుకొనుటకే అడ్డంకి యుండెను. ఎన్నో అల్లరుల పిమ్మట 1859లో రాజ ప్రకటన వలన కొంత హక్కు దొరకెను. ఒక్క బట్టకై అంత పోరాటము!

అట్టి జనములో పుట్టిన అజరయ్యగారు 1912 డిసెంబరు 29న కలకత్తాలోని సెయింట్ పాల్స్ దేవాలయములో బిషప్పుగా అభిషేకము పొందిరి. ఆ ఆరాధన క్రమములో ఎన్నికైనవాడు మొదట తెల్లని నారబట్ట అంగీతో నిలుచును. ప్రశ్నలకు ఉత్తరమిచ్చిన తరువాతనే తక్కిన బిషప్పు వస్త్రములు ధరించును. ఆంగ్లికన్ సంఘమున ఆ వస్త్రములు ధరించిన మొదటి భారతీయుడు ఆయనే.

వాటితో ఆయన ఎక్కడికి వెళ్లెను? దోర్నకలుకు. తమిళుడైనను తెలుగు నేర్చుకొని, మాల మాదిగ పల్లెలు తిరిగెను. ఊరివారు తాకనొల్లని వారి తలలపై చేతులుంచి వారిని సంఘమందు స్థిరపరచెను. ఆ అంగీ చేతులు ఆ తలలను తాకినప్పుడే దానికి ఘనత కలిగెను. 1945 జనవరి 1న ఆయన ప్రభువునందు నిద్రించెను.

నిర్గమకాండము 28వ అధ్యాయము చదువుడి. అహరోను వస్త్రములు అందమైనవే; అయితే వాని భుజములమీది రాళ్లపై ఇశ్రాయేలు గోత్రముల పేర్లు చెక్కబడి యుండెను. యాజకుడు తన జనమును మోయుచు దేవుని సన్నిధికి వెళ్లవలెను.

కాబట్టి ఆదివారమున మేము అంగీ తొడుగుకొని మీ యెదుట నిలిచినప్పుడు, మా భుజములపై ఎవరి పేర్లున్నవో అడుగుడి. మీ వాడలోని రోగి పేరు, అప్పులపాలైన కూలివాని పేరు అక్కడ లేనియెడల, అది చాకలికి వేయదగిన బట్ట మాత్రమే.