కాగితాల మధ్య ఒక జీవితం – షెవాలియే దెయోన్

చరిత్ర పుస్తకాల్లో రాజులు, యుద్ధాలు, ఒప్పందాలు కనిపిస్తాయి. ఆ ఒప్పందాల పత్రాలు మోసుకెళ్లిన మనుషులు మాత్రం అరుదుగా కనిపిస్తారు. అలాంటి ఒకరిని ఈ వార్షికోత్సవ సంచిక ద్వారా మన హాస్టల్ మిత్రులకు, పూర్వ విద్యార్థులకు పరిచయం చేయాలనుకున్నాము. వారే ఫ్రాన్స్ దేశానికి చెందిన షెవాలియే దెయోన్. దాదాపు 49 ఏళ్లు పురుషుడిగానూ, తర్వాత సుమారు 33 ఏళ్లు స్త్రీగానూ లోకానికి తెలిసిన వ్యక్తి. 'ఆయన' అని రాయాలా, 'ఆమె' అని రాయాలా అని మేము చాలాసేపు ఆలోచించాము. గౌరవంగా 'వారు' అనే అలవాటు మన తెలుగులో ఉండనే ఉంది కాబట్టి ఆ మాటే వాడుతున్నాము.

దెయోన్ 1728 అక్టోబరు 5న బర్గండీ ప్రాంతంలోని టోనేర్ అనే చిన్న పట్టణంలో జన్మించారు. పారిస్‌లో చదివి 1749లో న్యాయశాస్త్ర పట్టా పొందారు. 1756లో 15వ లూయీ రాజు రహస్య విభాగంలో చేరారు. ఆ విభాగం సంగతి రాజుగారి సొంత మంత్రులకే తెలియదు. రష్యాలో రాయబార కార్యాలయంలో పనిచేశారు. సప్తవర్ష సంగ్రామంలో అశ్విక దళ కెప్టెన్‌గా పోరాడారు. 1763లో యుద్ధాన్ని ముగించిన పారిస్ ఒప్పందం కోసం లండన్‌లో కృషి చేసినందుకు సెయింట్ లూయీ పతకం అందుకున్నారు.

అదే సంవత్సరం కష్టాలు మొదలయ్యాయి. ఇంగ్లండుపై దండెత్తడానికి అనువైన తీరాలను పరిశీలించే ఏర్పాటు చేయమని రాజు రహస్యంగా దెయోన్‌కు రాశారు. మరోవైపు మంత్రులు గెర్షీ ప్రభువును కొత్త రాయబారిగా పంపి, దెయోన్‌ను స్వదేశానికి రమ్మన్నారు. దెయోన్ వెళ్లలేదు. 1764లో రాయబార కార్యాలయపు ఉత్తరాలను పెద్ద గ్రంథంగా అచ్చువేసి యూరప్‌ను ఆశ్చర్యపరిచారు. అయితే రాజు రాసిన రహస్య ఉత్తరాలను మాత్రం బయటపెట్టలేదు. అవి బయటపడితే మళ్లీ యుద్ధం వచ్చే ప్రమాదం ఉంది. ఆ కాగితాలే ప్రవాసంలో దెయోన్‌కు రక్షణ అయ్యాయి. 1766లో రాజు ఏడాదికి 12,000 లీవ్రుల పింఛను మంజూరు చేశారు.

మనలో చాలామందికి కాగితం విలువ తెలుసు. కుల ధృవీకరణ పత్రం, టీసీ, మార్కుల జాబితా, వీటిలో ఒక్క అక్షరం తేడా ఉన్నా ఎన్నిసార్లు తిరగాలో తెలుసు. దెయోన్ జీవితంలోనూ తర్వాత జరిగినదంతా కాగితాల మీదే జరిగింది.

1770 నాటికి దెయోన్ స్త్రీయే అన్న వదంతి లండన్‌లో పుట్టింది. వెంటనే జనం పందేలు కాశారు. పరీక్షకు ఒప్పుకోవడం అవమానమని దెయోన్ నిరాకరించారు. 15వ లూయీ 1774లో మరణించాక, కొత్త రాజు 16వ లూయీ ఆ రహస్య ఉత్తరాలను వెనక్కి తెప్పించడానికి నాటకకర్త బోమార్షేను పంపారు. 1775లో కుదిరిన ఒప్పందంలో దెయోన్ తాము స్త్రీనని అంగీకరించారు. పుట్టినప్పుడు ఆడపిల్లనేననీ, వారసత్వపు ఆస్తి కోసం తండ్రి మగపిల్లవాడిగా పెంచారనీ చెప్పుకున్నారు. 1777లో పందెం డబ్బు గురించిన దావాలో లండన్ న్యాయస్థానం కూడా దెయోన్ స్త్రీ అనే తేల్చింది. అదే సంవత్సరం ఆగస్టులో, సైనిక దుస్తులు విడిచి స్త్రీ దుస్తులే ధరించాలని 16వ లూయీ ఆజ్ఞాపించారు.

స్త్రీగా గుర్తింపు అందినా, సైనికుడిగా బతికే హక్కు పోయింది. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడతామని దెయోన్ అడిగితే ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1779లో కొద్దిరోజులు డిజోన్ కోటలో బంధించి, తర్వాత టోనేర్‌కు పంపేశారు. 1785లో దెయోన్ మళ్లీ లండన్ చేరారు.

1787 ఏప్రిల్ 9న కార్ల్‌టన్ హౌస్‌లో, వేల్స్ యువరాజు ఎదుట, నల్ల గౌను వేసుకుని కత్తిసాము చేశారు. అప్పటికి దెయోన్ వయసు 58. ఎదుట నిలిచినవారు సెయింట్ జార్జ్. బానిసగా ఉన్న ఆఫ్రికన్ తల్లికి గ్వాడెలూప్ దీవిలో జన్మించి, సంగీతంలోనూ కత్తిసాములోనూ యూరప్ మెచ్చిన మహానుభావుడు. పుట్టుకను బట్టి లోకం గీసిన గీతలను దాటిన ఇద్దరు ఒకే వేదికపై నిలిచిన రోజు అది.

ఫ్రెంచి విప్లవంతో పింఛను ఆగిపోయింది. 1792లో మహిళా సైనిక దళానికి నాయకత్వం వహిస్తామని ఫ్రెంచి శాసనసభకు విన్నవించారు, ఫలితం లేదు. పుస్తకాలు, నగలు అమ్ముకున్నారు, కత్తిసాము ప్రదర్శనలిచ్చి బతికారు. 1796లో సౌతాంప్టన్‌లో తీవ్ర గాయంతో అదీ ముగిసింది. 1804లో అప్పుల కారణంగా జైలు చూశారు. శ్రీమతి కోల్ అనే వితంతువుతో కలిసి ఒకే ఇంట్లో పేదరికంలో ఉంటూ, 1810 మే 21న కన్నుమూశారు. శరీరాన్ని పరీక్షించిన వైద్యులు అది పురుష దేహమని పత్రం రాశారు. ఏళ్ల తరబడి కలిసి ఉన్న శ్రీమతి కోల్ కూడా ఆశ్చర్యపోయారట.

ఒప్పందం ఒకటి రాసింది, న్యాయస్థానం ఒకటి, రాజు ఒకటి, వైద్యులు ఒకటి. కానీ దెయోన్ తమ గురించి తామే రాసుకున్న ఉత్తరాలు, ఆత్మకథ ప్రతులు అనేకం నేటికీ ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. వాటిలో ఆ మనిషి స్త్రీగా మాట్లాడతారు, సైనిక సేవను కూడా గర్వంగా చెప్పుకుంటారు. రెండింటిలో ఏదీ వదులుకోలేదు.

1778లో మరో దావాలో అదే న్యాయస్థానం ఇలాంటి పందేలు చెల్లవంది, మూడో మనిషికి హాని చేస్తాయని కారణం చెప్పింది. నడకను బట్టి, గొంతును బట్టి తోటి విద్యార్థికి పేర్లు పెట్టడం ఏ హాస్టల్‌లోనైనా కనిపించేదే. అది కూడా మూడో మనిషి మీద కాసే పందెమే. ఆ మనిషి ఎవరో చెప్పుకునే హక్కు ముందుగా ఆ మనిషిదే అని మేము నమ్ముతున్నాము. మనకు ఎదురుపడే ప్రతి మిత్రుడి, ప్రతి మిత్రురాలి విషయంలో ఈ మాట గుర్తుంచుకుందాం.