నెత్తిన పుస్తకాల గంప

మధ్యాహ్నం వంటింటి పని తెమిలి, పిల్లలు బడి నుంచి రావడానికి ఇంకా రెండు గంటలుందనగా మా వర్ధన్నపేటలో, మా వీధి ఆడవాళ్లకు కాస్త ఊపిరాడుతుంది. సరిగ్గా ఆ వేళకి ఎవరో ఒకరు మా గడపలో నిలబడి, ఈమధ్య ఏం చదివినవు వదినా, మంచిదేమన్నా ఉంటే ఇయ్యరాదూ అంటారు. నేను కథలు రాస్తానని అందరికీ తెలుసు గనక నా దగ్గర పుస్తకాలుంటాయని వాళ్ల నమ్మకం. ఉన్నాయి మరి! వరంగల్ వెళ్లినప్పుడల్లా చీరల షాపు కన్నా ముందు పుస్తకాల షాపు దగ్గర ఆగిపోతానని మావారు దెప్పుతూనే ఉంటారు.

అడిగిన మనిషికి తగిన పుస్తకం ఇవ్వడం కూడా ఓ విద్యే. ఎదురింటి అమ్మాయికి చదువుతుంటే గుండె దడదడలాడాలి. యండమూరి ‘తులసిదళం’ ఇచ్చాను. రెండు రాత్రులు లైటు తీయకుండా పడుకుందట! మూలింటి అత్తమ్మకి హంతకుడెవరో చివరి పేజీ దాకా తెలియకూడదు. ఆవిడ కోసం కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్ ఉండనే ఉన్నాడు. కొత్తగా కాపురానికొచ్చిన పిల్లకి యద్దనపూడి ‘సెక్రటరీ’. ఇంతవరకూ నాకు తిరుగులేదు.

ఒక్కచోట మాత్రం తప్పు చేశాను. వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ ఉంది. అయిదో తరగతితో చదువు ఆగిపోయింది. ఓరోజు మొహమాటపడుతూ వచ్చి తనకూ ఒక పుస్తకం ఇమ్మంది. ఆమెకేం కావాలో అడగాలని కూడా తోచలేదు నాకు. నేను గొప్పదనుకునే ఓ లావుపాటి నవల చేతిలో పెట్టి పంపాను. నెల తర్వాత అట్ట నలగకుండా తెచ్చిచ్చి, ఇది చదువుకున్నోళ్ల పుస్తకమమ్మా, మాకెందుకు అనేసి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

ఆ మాట చాన్నాళ్లు ముల్లులా గుచ్చింది. ఆ రోజుల్లోనే వట్టికోట ఆళ్వారుస్వామి జీవితం మరోసారి చదివాను. పుస్తకం అడగనివాళ్ల గడపకి కూడా పుస్తకాన్ని మోసుకెళ్లిన మనిషి ఆయన. పేరు చాలామందికి తెలుసు. కానీ ఆయన అక్షరాలు ఎక్కడ నేర్చుకున్నారో మనలో ఎంతమందికి తెలుసు?

పొయ్యి ముందు చదువు

ఆళ్వారుస్వామి 1915 నవంబరు 1న నల్లగొండ జిల్లాలో, నకిరేకల్ దగ్గరున్న చెరువు మాదారంలో పుట్టారు. పేద కుటుంబం. చిన్నతనంలోనే తండ్రి పోయారు. పలకా బలపం పట్టి బడికెళ్లే యోగం ఆ పిల్లాడికి లేకపోయింది. ఒక ఉపాధ్యాయుడి ఇంట్లో వంటపనికి కుదిరాడు. ఆ ఇంట్లో వండి వడ్డిస్తూ, ఆ పంతులుగారి దగ్గరే చదవడం రాయడం నేర్చుకున్నాడు.

ఈ ఘట్టం చదివినప్పుడల్లా నాకు నా వంటిల్లే గుర్తొస్తుంది. అన్నం ఉడికేలోగా రెండు పేజీలు, పప్పు దించేలోగా మరో పేజీ. చదువుతున్న పుస్తకం మీద పసుపు వేలిముద్ర పడని ఇల్లాలు మనలో ఎవరైనా ఉన్నారా? ఆళ్వారుస్వామి మొత్తం చదువే అలా సాగింది. పనిలోంచి దొంగిలించుకున్న చదువు అది. అందుకే కాబోలు, చదువంటే ఆయనకి అంత ప్రాణం.

తర్వాత పొట్టకూటికి విజయవాడ వెళ్లి హోటల్లో సర్వరుగా పనిచేశారు. అక్కడ పత్రికలూ పుస్తకాలూ దొరికేవి. సభలు జరిగేవి. స్వాతంత్ర్యోద్యమం మాటలు చెవిన పడేవి. ఒకచేత్తో కాఫీ కప్పులు అందిస్తూనే దేశంలో ఏం జరుగుతోందో తెలుసుకున్నారు. ఆ తర్వాత హైదరాబాదు చేరి, సురవరం ప్రతాపరెడ్డిగారు 1926లో మొదలుపెట్టిన గోలకొండ పత్రికలో ప్రూఫ్‌రీడరుగా పనిలో చేరారు. బడి మొహం చూడని కుర్రాడు పండితుల రాతల్లో అచ్చుతప్పులు దిద్దే స్థాయికి ఎదిగాడంటే మాటలా!

తెలుగు చదవడమే సాహసమైన రోజులు

ఆ రోజుల సంగతి కొంచెం చెప్పుకుంటేగానీ ఆయన చేసిన పని విలువ తెలీదు. నిజాం రాజ్యంలో కచేరీల భాష ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువులు కూడా ఉర్దూలోనే. జనంలో ఎక్కువమంది ఇంట్లో మాట్లాడుకునే తెలుగుకి బయట గౌరవం లేదు. సభ పెట్టాలంటే సర్కారు అనుమతి కావాలి. గ్రంథాలయం పెట్టినా పైవాళ్ల కన్ను దానిమీద పడేది.

అయినా మనవాళ్లు ఊరుకున్నారా? 1901లో హైదరాబాదులో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం వెలిసింది. 1904లో మన హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం వచ్చింది. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్రమహాసభ జరిగినప్పుడు, దానితోపాటే నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన ఆంధ్ర మహిళాసభ కూడా జరిగింది. ఆడపిల్లల చదువు గురించి ఆడవాళ్లే వేదికెక్కి మాట్లాడటం అప్పటికి ఎంత పెద్ద సంగతో ఆలోచించండి.

కానీ భాషానిలయం మెట్లెక్కగలిగింది ఎవరు? పట్నంలో ఉన్నవాళ్లు, తీరిక ఉన్నవాళ్లు, అందులోనూ మగవాళ్లు. పల్లెలో వెట్టి చేసే మనిషికి గ్రంథాలయం ఎంత దూరం? ఘోషాలో ఉన్న ఇల్లాలికి ఎంత దూరం? ఈ ప్రశ్నకి ఆళ్వారుస్వామి వెతుక్కున్న జవాబు చాలా తేలిక. వాళ్లు పుస్తకం దగ్గరికి రాలేకపోతే పుస్తకమే వాళ్ల దగ్గరికి వెళ్లాలి.

గంప ఎత్తుకున్నారు

1938లో ఆయన దేశోద్ధారక గ్రంథమాల స్థాపించారు. ఆంధ్రపత్రిక పెట్టి, తెలుగువాళ్ల చేత దేశోద్ధారకుడని పిలిపించుకున్న కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు కన్నుమూసిన సంవత్సరం అది. ఆ బిరుదే గ్రంథమాలకి పేరయింది.

చేతిలో పెట్టుబడి లేదు. వెనక ఆస్తి లేదు. అయినా ముప్పైకి పైగా పుస్తకాలు అచ్చువేశారు. తెలంగాణ రచయితల రాతలు తెలంగాణ జనానికే అందాలని పట్టుబట్టారు. ఇక్కడి జీవితం, చరిత్ర, సమస్యల మీద వ్యాసాలు కూర్చి ‘తెలంగాణము’ పేరుతో సంపుటాలు తెచ్చారు. ధరలు సామాన్యులకు అందేలా పెట్టారు.

అచ్చు వేయడంతో పని అయిపోలేదు. గంపలో పుస్తకాలు పేర్చుకుని నెత్తిన పెట్టుకుని వీధివీధీ తిరిగారు. ఊళ్లు తిరిగారు. సభ ఎక్కడ జరిగితే అక్కడ గంప దింపారు. కూరగాయలమ్మి గంప దించినట్టు గడప ముందు పుస్తకాల గంప దింపిన మనిషి! రచయిత, ప్రచురణకర్త, కూలీ అన్నీ ఆయనే. ఆ పని చిన్నతనమని ఎప్పుడూ అనుకోలేదు. వాకిట్లోకి వచ్చిన పుస్తకాన్ని ఏ ఇంటి ఇల్లాలో తలుపు చాటునుంచి అందుకునే ఉంటుందని నాకెందుకో గట్టిగా అనిపిస్తుంది. లేకపోతే మన అమ్మమ్మల కాలంలో కొందరికి తెలుగు చదవడం ఎలా వచ్చిందంటారు?

పుస్తకాలతో పాటు మనుషుల్నీ కూడగట్టారు. రిక్షా కార్మికుల దగ్గర, రైల్వే కార్మికుల దగ్గర, ప్రెస్సుల్లో పనిచేసేవాళ్ల దగ్గర సంఘాల పని చేశారు. షాపుల్లో లెక్కలు రాసేవాళ్ల కోసం ‘గుమాస్తా’ అనే పత్రిక నడిపారు.

జైలు గోడల మధ్య

ఇలాంటి మనిషిని సర్కారు ఊరికే వదులుతుందా? 1942లో క్విట్ ఇండియా రోజుల్లో జైలుకెళ్లారు. తర్వాత కమ్యూనిస్టు ఉద్యమంలో ఉన్నందుకు ఏళ్ల తరబడి నిర్బంధంలో గడిపారు. ఒక జైలు నుంచి ఇంకో జైలుకి తిప్పారు. నిజాం పాలన 1948లో పోయినా ఆయన నిర్బంధం మాత్రం 1951 దాకా పోలేదు.

నిజామాబాదు జైల్లో ఆయనకి ఒక తోడు దొరికాడు. మన చిన్నగూడూరు బిడ్డ దాశరథి కృష్ణమాచార్య. అప్పటికి ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రవాడు. ఆ ఊరు అప్పట్లో మన వరంగల్ జిల్లాలోదే, ఇప్పుడు మహబూబాబాద్ జిల్లాలో ఉంది. కాగితం లేదు, కలం లేదు. పళ్లు తోముకోవడానికిచ్చిన బొగ్గుతో దాశరథి జైలు గోడల మీదే పద్యాలు రాసేవారు. కాపలావాళ్లు చెరిపేసేవారు. ఆళ్వారుస్వామి ఆ పద్యాలను కంఠతా పట్టి దాచుకునేవారని చెబుతారు. అచ్చు వేయడానికి ప్రెస్సు లేని చోట తన జ్ఞాపకాన్నే ప్రెస్సు చేసుకున్నారన్నమాట! దాశరథి తన మొదటి కవితాసంపుటి ‘అగ్నిధార’ను 1949లో తెచ్చినప్పుడు ఈ స్నేహితుడికే అంకితమిచ్చారు.

జైల్లో ఆయన చూసింది రాజకీయ ఖైదీలనే కాదు. దొంగతనాలు, హత్యలు చేసి వచ్చినవాళ్లతోనూ కూర్చుని మాట్లాడారు. ఆ మనుషులు అక్కడి దాకా ఎందుకు వచ్చారో తెలుసుకున్నారు. బయటికొచ్చాక అవే ‘జైలు లోపల’ కథలయ్యాయి. నేరం ఎవరు చేశారన్నది డిటెక్టివ్ నవల చివరి పేజీలో తెలుస్తుంది. ఎందుకు చేయాల్సొచ్చిందన్నది ఈ కథల్లో మొదటి పేజీ నుంచీ తెలుస్తుంది.

1955లో ‘ప్రజల మనిషి’ నవల వచ్చింది. దిమ్మెగూడెం అనే పల్లె, దొర, వెట్టిచాకిరి, వాటి మధ్య ఎదిగే కంఠీరవం అనే యువకుడు. ఈ నేల మీద 1930లలో జనం కళ్లు తెరిచిన కాలాన్ని మన మాటల్లో చెప్పిన నవల అది. దానికి కొనసాగింపుగా అనుకున్న ‘గంగు’ మాత్రం పూర్తికాలేదు. ఆయన పోయాక ఉన్నంతవరకు అచ్చయింది.

1961 ఫిబ్రవరి 5న ఆయన కన్నుమూశారు. వయసు నలభై అయిదేళ్లే. ఇంకో పదిహేనేళ్లు బతికుంటే ఎన్ని నవలలు రాసేవారో, ఎందరి చేత రాయించేవారో!

మళ్లీ ఆ వీధి చివరకి

ఈ జీవితం చదివాక నా తప్పు నాకు తెలిసొచ్చింది. నేను మా ఇంట్లో కూర్చుని, వచ్చినవాళ్లకి పుస్తకం ఇచ్చాను. ఆయన వాళ్ల వాకిట్లోకి వెళ్లి, గంప దించి కూర్చున్నారు. గంప దించినవాడు ఏం కావాలమ్మా అని అడక్క తప్పదు. నేను అడగనే లేదు.

పోయిన నెల ఒక జాకెట్ బట్ట నెపం పెట్టుకుని ఆవిడ దగ్గరికి వెళ్లాను. మిషన్ పక్కన కూర్చుని, చిన్నప్పుడు ఎలాంటి కథలు ఇష్టమని అడిగాను. రజాకార్ల కాలంలో పడ్డ కష్టాలు వాళ్ల నానమ్మ చెబుతుంటే నిద్ర మానుకుని వినేదట. ఎంత సంతోషమైందో! మర్నాడే ‘మనకు తెలియని మన చరిత్ర’ తీసుకెళ్లాను. తెలంగాణ సాయుధపోరాటంలో పనిచేసిన ఆడవాళ్లు తమ కథలు తామే చెప్పుకుంటే స్త్రీశక్తి సంఘటన వాళ్లు 1986లో పుస్తకంగా తెచ్చారు. మొత్తం చదవమనలేదు. ఒక్క మనిషి కథ దగ్గర దారప్పోగు పెట్టి ఇచ్చాను. మొదటి రెండు పేజీలు ఆవిడ గుండీలు కుడుతుంటే నేనే చదివి వినిపించాను.

ఇప్పుడామె కూడబలుక్కుంటూ చదువుతోంది. ఒక పేజీకి రెండు రోజులు పడుతోందట. పట్టనీండి, తొందరేముంది? ఆ దారప్పోగు మాత్రం ముందుకి జరుగుతోంది.

మీ అలమరలో కూడా చదివేసిన పుస్తకాలు కొన్ని ఊరికే పడి ఉంటాయి కదూ! డిటెక్టివ్ కావచ్చు, ప్రేమకథ కావచ్చు, ఒక మనిషి జీవితం కావచ్చు. ఈ వారం వాటిలో ఒకటి తీసి, అడగడానికి మొహమాటపడే ఒక ఆడమనిషి గడప దాకా తీసుకెళ్లండి. గంప ఎత్తుకోనక్కర్లేదు, కొంగు చాటున పెట్టుకెళ్లినా చాలు. కాకపోతే ఇచ్చేముందు, ఆమెకేం ఇష్టమో ఒక్కమాట అడగడం మరిచిపోకండి.