హైదరాబాద్‌కు తోటలు వేసిన పేష్వా మీర్ మోమిన్

చార్మినార్ పేరెత్తగానే మనకు సుల్తాన్ ముహమ్మద్ కులీ కుతుబ్ షా జ్ఞాపకం వస్తారు. రావలసిందే. ఆయన ఆజ్ఞ లేనిదే ఈ నగరం లేదు. కాని ఆ ఆజ్ఞను నేల మీద గీతగా, వీధిగా, తోటగా మార్చిన పెద్దమనిషి మరొకరున్నారు. ఆయన మీర్ ముహమ్మద్ మోమిన్ అస్త్రాబాదీ. పాతబస్తీలో ‘దాయెరా మీర్ మోమిన్’ అంటే దారి చెప్పనివారుండరు. అయితే జనాజా వెంట అక్కడిదాకా వెళ్లి, పిడికెడు మట్టి వేసి తిరిగివచ్చే వారిలో ఆ పేరు ఎవరిదో తెలిసినవారు తక్కువ. ఉర్దూలో డాక్టర్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ గారు ఆయన మీద ఒక గ్రంథమే రాశారు. ఆ సంగతులు తెలుగు చదివే మన పిల్లలకూ అందాలన్నదే ఈ నాలుగు మాటల ఉద్దేశం.

ఇరాన్‌లో కాస్పియన్ సముద్రానికి ఆగ్నేయ దిక్కున అస్త్రాబాద్ అనే పట్టణం ఉంది. ఇప్పుడు దాన్ని గుర్గాన్ అంటున్నారు. ఇరాన్ అనగానే మనవాళ్లకు ఎడారి, ఇసుక తోస్తాయి గాని ఆ ప్రాంతం అలాంటిది కాదు. వానలు పడే నేల, దట్టమైన అడవులు గల సీమ. అక్కడి ఒక సయ్యద్ కుటుంబంలో, ధర్మపండితుల ఇంట మీర్ మోమిన్ పుట్టారు. ఆయన మేనమామ ఫఖ్రుద్దీన్ సమ్మాకీ ఆ కాలపు పేరున్న విద్వాంసుడు. చదువులో ఎంత ప్రతిభ చూపారంటే, ఇరాన్ పాదుషా షా తహ్మాస్ప్ తన కుమారుడు హైదర్ మీర్జాకు ఆయన్నే గురువుగా పెట్టుకున్నాడు. రాజధాని అప్పుడు ఖజ్వీన్.

ఆ ఉద్యోగం కలకాలం నిలవలేదు. 1576లో తహ్మాస్ప్ కన్నుమూశాడు. సింహాసనం కోసం జరిగిన పెనుగులాటలో శిష్యుడు హైదర్ మీర్జా హతుడయ్యాడు. గద్దెనెక్కిన రెండవ షా ఇస్మాయీల్ కాలం భయంకరమైనది. సొంత అన్నదమ్ములకే రక్షణ లేని దర్బారులో, చంపబడిన రాకుమారుడి గురువుకు చోటెక్కడిది? మీర్ మోమిన్ దేశం విడిచారు. 1580 దశకం తొలి ఏళ్లలో గోల్కొండ చేరుకున్నారు. చేతిలో ఆస్తి లేదు, వెనక బలగం లేదు. ఉన్నది విద్య ఒక్కటే. గోల్కొండలో అప్పుడే కొత్త సుల్తాన్ పట్టానికి వచ్చారు. ఆయనే ముహమ్మద్ కులీ. పదిహేనేళ్ల కుర్రవాడు. మరి కొన్నేళ్లకే, 1585 ప్రాంతంలో, మీర్ మోమిన్ ఆ రాజ్యానికి పేష్వా అయ్యారు. అంటే ప్రధానమంత్రి. ఇద్దరు సుల్తానుల కాలంలో, నలభై ఏళ్లకు దగ్గరగా ఆ బరువు మోశారు.

అప్పటికి గోల్కొండ కోట కిక్కిరిసి ఉంది. గోడల లోపల ఇళ్ల మీద ఇళ్లు. నీళ్లు చాలేవి కావు. జబ్బులు వ్యాపించేవి. ఈ ఇరుకును ముందే గమనించిన వారు ముహమ్మద్ కులీ తండ్రి ఇబ్రాహీం కుతుబ్ షా. 1562లో హజ్రత్ హుస్సేన్ షా వలీ (రహ్మ) పర్యవేక్షణలో హుస్సేన్ సాగర్ తవ్వించారు. 1578లో మూసీ మీద వంతెన కట్టించారు. అదే నేటి పురానాపూల్. కొత్త నగరం ఇంకా లేదు. దానికి కావలసిన నీరు ముందొచ్చింది, దారి తరువాత వచ్చింది, ఇళ్లు ఆఖరున వచ్చాయి. ఈ వరుస తలకిందులైనందువల్లే మన కాలనీలకు ఇన్ని తిప్పలని నా అభిప్రాయం.

హిజ్రీ వెయ్యో సంవత్సరం, క్రీస్తుశకం 1591. మూసీకి దక్షిణపు ఒడ్డున నగరానికి పునాది పడింది. నాలుగు దిక్కులకు నాలుగు రాజమార్గాలు, అవి కలిసేచోట చార్మినార్, దాని పై అంతస్తులో మసీదు. కాస్త ఉత్తరంగా నాలుగు కమాన్లు. వాటి నడుమ నీటి హౌజు. గుల్జార్ హౌజ్ అని ఇప్పుడు పిలిచేది దాన్నే. తరువాతి ఏళ్లలో బాద్‌షాహీ ఆషూర్‌ఖానా, 1595లో దారుష్షిఫా వైద్యశాల లేచాయి. రాజభవనాలు ఒక వైపు, బజార్లు ఒక వైపు. మహల్లాల మధ్య తోటలు. ఈ పథకంలో ముఖ్యమైన చెయ్యి మీర్ మోమిన్‌దేనని చరిత్రకారులు ఒప్పుకున్నదే.

ఇక్కడ ఒక మాట. హైదరాబాద్‌ను ఇస్ఫహాన్ నమూనాలో కట్టారని చాలామంది రాస్తుంటారు. సంవత్సరాలు చూస్తే ఈ మాట నిలవదు. షా అబ్బాస్ తన రాజధానిని ఇస్ఫహాన్‌కు మార్చింది 1598 ప్రాంతంలో. అక్కడి పెద్ద మైదానం, చహార్‌బాగ్ వీధి వెలిసేనాటికే మన చార్మినార్ కింద బజారు నడుస్తోంది. మీర్ మోమిన్ కళ్లారా చూసింది ఖజ్వీన్‌ని. తోటల మధ్య భవనాలు అమర్చి షా తహ్మాస్ప్ తీర్చిన రాజధాని అది. ఆ జ్ఞాపకం ఆయన వెంట వచ్చింది. కానీ ఇక్కడి రాతినేల, ఇక్కడి వానలు, ఇక్కడి చెరువులు వేరు. ఇరాన్‌లో కొండ అడుగు నుంచి భూమి లోపల సొరంగాలు తవ్వి నీళ్లు తెస్తారు. తెలంగాణలో వాననీటిని కట్ట వేసి ఆపుతారు. ఆయన ఇక్కడి పద్ధతినే పట్టుకున్నారు. పరదేశం నుంచి వచ్చిన విద్వాంసుడు తన దేశపు పద్ధతే గొప్పదని పట్టుబట్టకపోవడం చిన్న విషయం కాదు.

తోట అనేది ముస్లిముకు కేవలం కంటికింపు కాదు. దివ్య ఖుర్ఆన్ స్వర్గాన్ని వర్ణించేటప్పుడు మాటిమాటికీ చెప్పేది కింద సెలయేళ్లు పారే వనాల గురించే. ముహమ్మద్ సూరాలో నీరు, పాలు, మధువు, తేనెల నదుల ప్రస్తావన ఉంది. చదరపు తోటను నాలుగు కాలువలతో నాలుగు భాగాలు చేసి, మధ్యలో హౌజు పెట్టే చార్‌బాగ్ పద్ధతిని చూసిన ముస్లిముకు ఆ వర్ణనే మనసులో మెదులుతుంది. పద్ధతి మాత్రం ఇస్లాంకు ముందునుంచే ఇరాన్‌లో ఉన్నది. ఇక ఒక విశ్వాసి నాటిన చెట్టు నుంచి మనిషి తిన్నా, పక్షి తిన్నా, పశువు తిన్నా అది అతని పేర సదఖాగా రాయబడుతుందని దైవప్రవక్త (స) బోధించారు. తిన్నవాడెవడన్న షరతు అందులో లేదు. ఈ హదీసును మీర్ మోమిన్ పుస్తకంలో చదివి ఊరుకోలేదనడానికి ఆయన నగరమే సాక్ష్యం.

ఆయన పోయిన కొన్ని దశాబ్దాలకు ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే ఇక్కడికి వచ్చాడు. నగరాన్ని బాగ్‌నగర్ అనే పేరుతోనే వర్ణించాడు. రాజభవనపు మిద్దెల మీద కూడా తోటలున్నాయనీ, అంత పెద్ద చెట్ల బరువును కింది కమాన్లు ఎలా మోస్తున్నాయో తెలియడం లేదనీ విస్తుపోయాడు. మిద్దెతోటలు ఇవాళ్టి కొత్త ఫ్యాషన్ అనుకునేవారు ఈ సంగతి గుర్తుంచుకోవచ్చు. బాగ్ అంటే తోట. నగరానికి ఆ పేరెలా వచ్చిందన్న తగువు నాకు అక్కరలేదు. బషీర్‌బాగ్, లాల్‌బాగ్, మా గాంధీనగర్ పక్కనే ఉన్న బాగ్‌లింగంపల్లి పేర్లలోనైతే బాగ్ ఇంకా బతికే ఉంది. తోటలు మాత్రం ఇళ్ల కిందికి పోయాయి.

పట్టణం ఒక్కటే ఆయన పని కాదు. తన సొంత సొమ్ముతో నగరం చుట్టూ ఊళ్లు నెలకొల్పారు. సైదాబాద్ ఆయనదే. మీర్‌పేట ఆయనదే, పేరులోని మీర్ ఆయనే. రోజూ ఆ పేరున్న బస్సెక్కే వేలమందికి ఆ సంగతి తట్టదు. ఊరు అంటే ఆయన లెక్కలో మూడు ఉండాలి: చెరువు, మసీదు, తోట. చెరువు కింద సేద్యం, సేద్యం మీద బతికే కుటుంబాలు, మసీదుకు వజూ నీళ్లు, బాటసారికి నీడ. ఒకదాని ఖర్చు మరొకటి భరిస్తుంది. తెలుగునేల మీద కాకతీయుల కాలం నుంచి చెరువు, గుడి, ఊరు కలిపి కట్టే ఆనవాయితీ ఉంది. మీర్ మోమిన్ ఊళ్లను చూసిన తెలుగు రైతుకు అవి పరాయివిగా తోచి ఉండవు. చెరువు నీళ్లు పొలానికి పారేటప్పుడు అది ఎవరి పొలమని అడగవు కదా.

ఈ రోజుల్లో అపార్టుమెంట్ల ప్రకటనల్లో ల్యాండ్‌స్కేప్ డిజైన్ అనే మాట పెద్ద అక్షరాల్లో కనిపిస్తుంది. గేటు లోపల పచ్చిక, ఫౌంటెన్, వరసగా ఖర్జూర చెట్లు. బాగానే ఉంటాయి. కానీ గేటు బయట రోడ్డు మీద చెట్టుండదు, వాననీరు పోవడానికి దారుండదు. మా ఇలాకాలోనే చూడండి. గాంధీనగర్, అశోక్‌నగర్, చిక్కడపల్లి ఇవన్నీ హుస్సేన్ సాగర్ కట్టకు దిగువన ఉన్న నేలలు. సాగర్ నిండితే పొర్లే నీరు ఈ పక్కగా నాలాలో పడి మూసీకి చేరాలి. నాలా ఇరుకైంది. 2000 ఆగస్టులో కుండపోత కురిసినప్పుడు ఆ నీరు నాలా వెంబడి ఉన్న బస్తీల్లోకి, కాలనీల్లోకి జొరబడింది. కట్టను నాలుగు శతాబ్దాల కిందట వేసినవారికి నీరు ఏ దారిన దిగుతుందో తెలుసు. ఆ దారిలో ఇల్లు కట్టినవారికే తెలియలేదు. ఈ చుట్టుపక్కల ఊపిరాడేందుకు మిగిలినది ఇందిరా పార్కు. దానికి 1975లో అప్పటి రాష్ట్రపతి ఫఖ్రుద్దీన్ అలీ అహ్మద్ శంకుస్థాపన చేశారు. తెల్లవారి ఫజ్ర్ నమాజు ముగించుకుని అక్కడ నాలుగు అడుగులు వేసే పెద్దలను అడగండి, చెట్టు విలువేమిటో చెబుతారు.

మీర్ మోమిన్ పనులన్నింటిలోకీ నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది ఆయన దాయెరా. కొత్త నగరానికి ఎక్కడెక్కడి నుంచో మనుషులు వచ్చారు. ఇరాన్ నుంచి, అరబ్బు దేశాల నుంచి, దక్కను ఊళ్ల నుంచి. వర్తకులు, సిపాయిలు, కూలీలు, విద్యార్థులు. బతికున్నంతకాలం ఏదో మూల తలదాచుకుంటారు. చనిపోతే? సొంత ఊళ్లో తాతల పక్కన పడుకునే భాగ్యం పరదేశికి లేదు. ఆయన స్వయంగా పరదేశి గనుక ఈ బాధ ఆయనకు ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. అంతకుముందే షా చిరాగ్ అనే పుణ్యపురుషుడు సమాధి అయిన స్థలం ఒకటి ఉంది. దాని చుట్టుపక్కల నేలను కొని, ముస్లిం ప్రజలందరి ఖననానికి వక్ఫ్ చేశారు. కర్బలా నుంచి పవిత్రమైన మట్టి తెప్పించి ఆ నేలలో కలిపించారని చెబుతారు. ఖననస్థలమంటే ముళ్లకంపలు, పాడుబడ్డ గోడలు అన్న ఊహ ఆయనకు లేదు. అక్కడ చెట్లు పెట్టించారు. మయ్యిత్‌కు గుసుల్ చేయించేందుకు నీటి ఏర్పాటు, నమాజుకు మసీదు ఏర్పరచారు. సుల్తాన్‌కు అందమైన నగరం కట్టిపెట్టిన చేతులే, పేరు లేని కూలీకి నీడ ఉన్న ఆరడుగుల నేలను సిద్ధం చేశాయి. దానికి వెల లేదు.

ఇవాళ నగరంలో ఖననానికి చోటు దొరకడం ఎంత కష్టమో పేద ఇళ్లవారికి తెలుసు. ఒక గోరీ మీద మరో గోరీ. వక్ఫ్ భూములు గజాల లెక్కన తరిగిపోతున్నాయి. వక్ఫ్ చేసినది అల్లాహ్ పేర నిలిచిపోయిన ఆస్తి. అమ్మడానికి, వారసులు పంచుకోవడానికి వీల్లేదు. ఇది ఫిఖహ్ గ్రంథాల్లో మొదటి పాఠాల్లోనే వస్తుంది. ఆ పాఠం చదివినవారు తక్కువేమీ కారు.

ఆయనకు కొలతలంటే శ్రద్ధ ఎక్కువ. షరీఅత్‌లో వచ్చే తూనికలు, కొలతల మీద ‘రిసాలా మిఖ్‌దారియా’ అనే పుస్తకం పార్సీలో రాశారు. జకాత్ ఎంత బరువు వెండి మీద, ఫిత్రా ఎన్ని గింజలు అనే లెక్క తప్పితే పేదవాడి హక్కు తప్పుతుంది. వీధి వెడల్పు తప్పితే బాటసారి హక్కు తప్పుతుంది. రెండు లెక్కలూ ఒకే మనిషి చేయడంలో ఆశ్చర్యం లేదు. పార్సీలో కవిత్వమూ చెప్పారు గాని ఆ పేరుతో ఆయన్ను తలచుకునేవారు అరుదు.

1612 జనవరిలో ముహమ్మద్ కులీ కన్నుమూశారు. తరువాత గద్దె ఎక్కినది ఆయన అన్నదమ్ముల బిడ్డ, అల్లుడు ముహమ్మద్ కుతుబ్ షా. ఈ సుల్తాన్ మీర్ మోమిన్ పెంపకంలో తయారైనవారు; దైవభీతి గలవారని పేరు. మక్కా మసీదుకు పునాది వేసింది ఈయనే. పేష్వా పదవి మీర్ మోమిన్ దగ్గరే ఉంచారు. సుల్తాన్ భార్య హయాత్ బక్షీ బేగం తరువాతి కాలంలో హయాత్‌నగర్ నెలకొల్పి మసీదు, సరాయి కట్టించారు. మాసాహెబా తలాబ్ అనే చెరువు ఆమె పేరు మీదిదే. దాని పేరు మాసబ్‌ట్యాంక్‌గా మిగిలింది, నీళ్లు మిగల్లేదు.

మీర్ మోమిన్ 1625లో తనువు చాలించారు. గోల్కొండ దగ్గర సుల్తానుల గోపురాల పక్కన కాదు, తాను జనానికి వదిలిన దాయెరాలోనే ఆయన్ను ఖననం చేశారు. రెండు శతాబ్దాలు గడిచాక నిజాం దివాన్లు మీర్ ఆలం, మొదటి సాలార్‌జంగ్ కూడా అదే నేలలో చేరారు. వారి చుట్టూ పేర్లు చెరిగిపోయిన వేల గోరీలున్నాయి. సైదాబాద్‌లో ఆయన కట్టించిన మసీదులో నేటికీ అజాన్ వినిపిస్తోంది.