కీర్తిని వదిలి గమ్యాన్ని వెతుక్కున్న ఇమామ్ గజాలీ (రహ్మలై)

మనిషి ఏదో ఒకదాని కోసం జీవితమంతా పరుగెత్తుతూనే ఉంటాడు. మంచి ఉద్యోగం, సొంత ఇల్లు, నలుగురిలో పేరుప్రతిష్ఠలు. ధర్మసమ్మతంగా వీటిని సంపాదించుకోవడం పాపమేమీ కాదు. అయితే ఇవే జీవిత లక్ష్యమైపోతే, అన్నీ అమరిన తర్వాత కూడా హృదయం ఖాళీగానే మిగిలిపోతుంది. ఈ సత్యాన్ని స్వయంగా అనుభవించి తెలుసుకున్న మహనీయుడు ఇమామ్ అబూ హామిద్ ముహమ్మద్ గజాలీ (రహ్మలై). ఆయన జీవితంలోని ఆ గొప్ప మలుపును ఇక్కడ పాఠకుల ముందుంచుతున్నాం.

బాల్యం, విద్యాభ్యాసం

ఇమామ్ గజాలీ హిజ్రీ 450 (క్రీ.శ. 1058)లో ఖురాసాన్ ప్రాంతంలోని తూస్ పట్టణంలో జన్మించారు. ఆ ప్రదేశం నేటి ఇరాన్‌లోని మష్హద్ నగరానికి సమీపంలో ఉంది. తండ్రి ఉన్ని వడికి అమ్ముకునే నిరుపేద అని చరిత్రకారులు రాశారు. మరణ సమయం ఆసన్నమైనప్పుడు ఆయన తన ఇద్దరు కుమారులు ముహమ్మద్, అహ్మద్‌లను, తాను దాచిన కొద్దిపాటి సొమ్మును ఒక మిత్రునికి అప్పగించి, పిల్లలకు చదువు చెప్పించమని కోరారు. ఆ సొమ్ము అయిపోయాక మిత్రుడు పిల్లలిద్దర్నీ భోజన వసతి ఉన్న మద్రసాలో చేరమన్నాడు. అలా కడుపు నింపుకోవడానికి మొదలైన చదువే చివరికి తమను అల్లాహ్ మార్గానికి చేర్చిందని ఇమామ్ గజాలీ తర్వాతి కాలంలో గుర్తుచేసుకునేవారు.

జుర్జాన్‌లో చదువుకుని తిరిగి వస్తుండగా దారిలో దొంగలు ఆయన సామాన్లు దోచుకున్నారు. ఏమీ ఇవ్వకపోయినా ఫర్వాలేదు, తాను రాసుకున్న కాగితాలు మాత్రం ఇచ్చెయ్యమని ఆయన వేడుకున్నారు. దొంగల నాయకుడు నవ్వి, కాగితాలు పోతే పోయే విద్య ఏం విద్య అని ఎద్దేవా చేసి, వాటిని తిరిగి ఇచ్చేశాడు. ఆ మాట ఆయన మనసులో నాటుకుంది. తర్వాత మూడేళ్ళపాటు ఆ పాఠాలన్నీ కంఠస్థం చేశారు.

అనంతరం నీషాపూర్ వెళ్ళి ఆనాటి గొప్ప విద్వాంసులు ఇమాముల్ హరమైన్ జువైనీ (రహ్మలై) వద్ద విద్యనభ్యసించారు. 1085లో గురువుగారు మరణించాక, సల్జూక్ మంత్రి నిజాముల్ ముల్క్ ఆస్థానంలో చేరారు. 1091లో, ముప్ఫై మూడేళ్ళ వయసులోనే, బగ్దాద్‌లోని ప్రఖ్యాత నిజామియా మద్రసాకు ప్రధానాచార్యులయ్యారు. మూడు వందల మంది విద్యార్థులు ఆయన పాఠాలు వినేవారు. ఆయన బగ్దాద్‌లో అడుగుపెట్టినప్పుడు దుస్తులు, వాహనం కలిపి అయిదు వందల దీనార్లు చేస్తాయని చూసినవారు అంచనా వేశారట!

అంతర్మథనం

కానీ లోకం వైభవం ఎంత నిలకడ లేనిదో ఆయన కళ్ళారా చూశారు. 1092లో నిజాముల్ ముల్క్ హత్యకు గురయ్యాడు. కొన్ని వారాలకే సుల్తాన్ మలిక్ షా కూడా కన్నుమూశాడు. ఇమామ్ గజాలీ తనను తాను ప్రశ్నించుకోసాగారు. తాను బోధిస్తున్నది ధర్మవిద్యే. మరి బోధిస్తున్నది ఎవరి కోసం? తన సంకల్పాన్ని పరీక్షించుకుంటే అందులో దైవప్రసన్నత కంటే పదవీ కాంక్ష, పేరు మీద మోజే ఎక్కువగా కనిపించాయి. తాను అగ్నిగుండం అంచున నిలబడి ఉన్నానని ఆయన వణికిపోయారు.

హిజ్రీ 488 రజబ్ మాసం (1095 జూలై) నుంచి సుమారు ఆరు నెలలు ఈ సంఘర్షణ సాగింది. ఒకరోజు అన్నీ వదిలి వెళ్ళిపోవాలని నిశ్చయించుకునేవారు, మరునాడు ఆ నిర్ణయం సడలిపోయేది. చివరికి పాఠం చెబుదామంటే నోరు పెగలలేదు. ముద్ద గొంతు దిగలేదు. ఇది మనసుకు సంబంధించిన వ్యాధి అని వైద్యులు చేతులెత్తేశారు. అప్పుడాయన దిక్కుతోచని వానిలా అల్లాహ్‌ను వేడుకున్నారు. అల్లాహ్ ఆయన హృదయం నుంచి పదవీ సంపదల మమకారాన్ని తేలిగ్గా తొలగించాడు.

ఆ ఏడాది చివర్లో, భార్యాబిడ్డల పోషణకు సరిపడా ఉంచి, మిగతా ధనాన్ని పంచిపెట్టి ఆయన బగ్దాద్ విడిచారు. బాధ్యతను విస్మరించి పారిపోలేదన్న విషయం మనం గమనించాలి. డమాస్కస్‌లోని జామె మస్జిదు మీనారులో ఏకాంతంగా ఆరాధనలో గడిపారు. బైతుల్ మఖ్దిస్‌ను దర్శించారు. హజ్రత్ ఇబ్రాహీమ్ (అలై) సమాధి ఉన్న అల్ ఖలీల్ పట్టణంలో, ఇకపై రాజుల కొలువుకు వెళ్ళనని, వారి సొమ్ము ముట్టనని, గెలుపు కోసం వాదోపవాదాలు చేయనని ప్రతినబూనారు. 1096లో హజ్ చేశారు. ఆ తర్వాత బగ్దాద్ వచ్చినప్పుడు ఆయన ఒంటి మీది దుస్తులు పదిహేను ఖీరాత్‌లే చేస్తాయని, అంటే ఒక్క దీనారు కూడా చేయవని, జనం లెక్కగట్టారు.

తిరిగి బోధనకు

ఆయన సుప్రసిద్ధ గ్రంథం ‘ఇహ్యా ఉలూమిద్దీన్’ ఈ కాలపు ఫలమే. నలభై అధ్యాయాల ఈ గ్రంథం విద్యతో మొదలై, మరణం, పరలోక ప్రస్తావనతో ముగుస్తుంది. ఆరాధనలు, దైనందిన వ్యవహారాలు, మనిషిని నాశనం చేసే దుర్గుణాలు, అతన్ని రక్షించే సుగుణాలు అనే నాలుగు భాగాలు ఇందులో ఉన్నాయి. పదవీ వ్యామోహం, ప్రదర్శనాబుద్ధి గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే రాశారు. తాను పడిన జబ్బు గనుక దాని లక్షణాలు ఆయనకు బాగా తెలుసు.

1106లో మంత్రి ఫఖ్రుల్ ముల్క్ ఒత్తిడిపై ఆయన నీషాపూర్‌లో మళ్ళీ పాఠాలు చెప్పారు. చూసేవారికి అదే గురుపీఠం, అదే పని. కానీ పూర్వం తాను పేరు తెచ్చే విద్యను బోధించానని, ఇప్పుడు పేరు మీది మోజును వదిలించే విద్యను బోధిస్తున్నానని ఆయన భావించారు. చివరికి తూస్ చేరుకుని, ఇంటి పక్కనే విద్యార్థులకు బోధిస్తూ గడిపారు. 1111 డిసెంబరు 18న తెల్లవారుజామున వుజూ చేసి, నమాజు చదివి, తన కఫన్ తెప్పించుకుని కళ్ళకద్దుకుని, ఖిబ్లా వైపు తిరిగి పడుకుని ప్రాణం విడిచారని ఆయన సోదరుడు తెలిపారు.

సోదర సోదరీమణులారా! మనలో ప్రతి ఒక్కరూ ఇల్లూవాకిలీ వదిలి వెళ్ళనవసరం లేదు. ఇస్లాంలో సన్యాసానికి తావు లేదు. దుకాణం నడిపేవారు, ఉద్యోగం చేసేవారు, వంటింట్లో పిల్లలకు అన్నం వండే తల్లి, అందరూ ఆ పనులే చేస్తూ సంకల్పాన్ని అల్లాహ్ కోసం మార్చుకోవచ్చు. మన ఇంటి పెళ్ళి, మన దానం, చివరకు మన నమాజు కూడా ఎవరు చూడాలని చేస్తున్నామో ఈ రాత్రి పడుకునే ముందు ఒక్కసారి ప్రశ్నించుకుందాం. ఇమామ్ గజాలీ (రహ్మలై)ని మార్చింది ఆ ప్రశ్నే.

అల్లాహ్ మన సంకల్పాలను పరిశుద్ధం చేసి, ఇహపరాల సాఫల్యం ప్రసాదించుగాక! ఆమీన్.