గోవు పేర వెలసిన మాట

నేడు పసిబిడ్డలకు అనేక వ్యాధులు రాకుండ టీకాలు వేయుదురు. ఆ మందులన్నిటికిని ఇంగ్లీషున వ్యాక్సిను అని పేరు. ఈ మాటకు మూలము లాటిను భాషలోని వాక్కా అను శబ్దము. వాక్కా యనగా ఆవు. వ్యాధిని నివారించు మందునకు ఆవు పేరేల వచ్చెను? ఎడ్వర్డు జెన్నరు చరిత్రము చదివినచో ఆ సంగతి తెలియును.

జెన్నరు 1749వ సంవత్సరము మే 17వ తేదీన ఇంగ్లండులోని బర్క్లీ గ్రామమున జన్మించెను. ఐదవయేటనే తల్లిదండ్రులను కోల్పోయి అన్నల పోషణలో పెరిగెను. ఆ కాలమున మశూచికము యూరపునంతను గడగడలాడించుచుండెను. దాని వాతబడి అసంఖ్యాకులు మరణించిరి. బ్రదికినవారికి ముఖమున మచ్చలు మిగిలెను. కొందరికి చూపు పోయెను. రోగి పొక్కులలోని రసిని ఆరోగ్యవంతుల చర్మమును గీరి ఎక్కించుట ఒక్కటే నాడు తెలిసిన నివారణోపాయము. అది ఒక్కొక్కప్పుడు ప్రాణము మీదికి వచ్చెడిది. ఇతరులకును వ్యాధి నంటించెడిది. బాల్యమున జెన్నరునకును ఇట్లే చేసిరి.

ఆయన మొదట ఒక శస్త్రవైద్యుని వద్ద పని నేర్చి, 1770లో లండను చేరి, సుప్రసిద్ధుడైన జాన్ హంటరునకు శిష్యుడయ్యెను. ఊహతో తృప్తిపడక స్వయముగా పరీక్షించి చూచుట ఆ గురువువలన అలవడిన గుణము. పిమ్మట జెన్నరు స్వగ్రామమునకు మరలి వైద్యము చేయసాగెను.

ఆవుల పొదుగులకు వచ్చెడి పొక్కులు చేతుల కంటిన వారికి మశూచికము రాదని ఆ ప్రాంతపు పల్లె ప్రజలు నమ్మెడివారు. 1774లో బెంజమిన్ జెస్టీ యను రైతు ఈ నమ్మకముతో తన కుటుంబమునకు ఆ రసి నెక్కించెను. కాని శాస్త్రరీతిని పరీక్షింప బూనినవాడు జెన్నరు.

1796 మే 14వ తేదీన ఆయన, సారా నెల్మ్సు అను పాలు పిదుకు యువతి చేతి పొక్కునుండి రసి తీసి, జేమ్స్ ఫిప్స్ అను ఎనిమిదేండ్ల బాలుని చేతి కెక్కించెను. బాలునకు కొద్దిపాటి జ్వరము వచ్చి తగ్గెను. జూలై 1వ తేదీన అదే బాలునకు మశూచికపు రసి నెక్కించెను. ఊహ తప్పినచో ఆ పసివాని ప్రాణమునకే ముప్పు. నేటి వైద్యధర్మ మిట్టి పరీక్ష నంగీకరింపదు. అదృష్టవశమున బాలునకు వ్యాధి రాలేదు.

రాయల్ సొసైటీవారు ఆయన వ్యాసమును స్వీకరింపలేదు. జెన్నరు నిరుత్సాహపడక, మరికొందరిపై పరీక్షలు జరిపి, 1798లో స్వయముగా గ్రంథము ప్రకటించెను. అందు గోమశూచికమునకు లాటినున వారియోలే వాక్సినే అని పేరిడెను. ఆ రెండవ పదమునుండియే వ్యాక్సిను పుట్టెను. 1800లో ప్లిమత్ నగర వైద్యుడు రిచర్డ్ డన్నింగు, ఈ రసి నెక్కించుటను వ్యాక్సినేషను అనెను. నాడా మాటకు గోమశూచికపు రసి నెక్కించుట యను నర్థమే తప్ప వేరర్థము లేదు.

ఈ టీకా వేసికొన్నచో శరీరమున ఆవులు మొలచునని పరిహసించుచు కొందరు చిత్రములు గీసిరి. అయినను టీకా దేశదేశములకు వ్యాపించెను. 1802 జూన్‌లో బొంబాయిలో ఒక బాలికకు వేసిరి. జెన్నరు తన తోటలోని కుటీరమున పేదలకు ఉచితముగా టీకాలు వేసెను. 1823 జనవరి 26వ తేదీన ఆయన పరమపదించెను.

తరువాత ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు లూయీ పాశ్చరు కోళ్ళకు వచ్చు కలరాకును, పశువుల ఆంథ్రాక్సునకును నివారణోపాయములు కనుగొనెను. ఈ మందులు గోమశూచికమునుండి తీసినవి కావు. అయినను 1881లో లండనున జరిగిన వైద్యమహాసభలో ఆయన, జెన్నరు గౌరవార్థము ఇట్టి మందులన్నిటిని వ్యాక్సినులనియే పిలువవలెనని కోరెను. లోకమందుల కంగీకరించెను. ఆవు మాట వెనుకబడెను. రాబోవు వ్యాధిని ముందే నివారించునది యను విశాలార్థము నిలిచెను.

1980 మే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, మశూచికము భూమిపై నశించినదని ప్రకటించెను. కోట్లాది ప్రజలను బలిగొన్న ఆ వ్యాధి పేరు నేటి బాలురలో పెక్కుమందికి తెలియదు. పల్లెవారి మాటను చులకన చేయక, సత్యమును పరీక్షించి చూచిన జెన్నరు కీర్తి మాత్రము ప్రతి టీకాతోను లోకమున నిలిచియున్నది.