సూర్యుడిలో కనబడని రుబీడియం

మేఘనాథ్ సాహా 1893లో ఢాకా దగ్గర సియోరాతలి అనే పల్లెలో పుట్టారు. నాన్నది చిన్న కిరాణా కొట్టు. ఊళ్లో ప్రైమరీ స్కూల్ దాటితే చదువు లేదు. దూరంగా ఉన్న ఇంకో ఊళ్లో ఒక డాక్టరుగారు ఇంట్లో చోటిచ్చారు. బదులుగా ఆవును చూసుకోవాలి, తిన్న కంచం తానే కడుక్కోవాలి. ఆ రెండో షరతు ఎందుకో వేరే చెప్పక్కర్లేదు. తర్వాత ఢాకాలో బెంగాల్ విభజన గొడవల్లో గవర్నర్ రాకను బహిష్కరించిన పిల్లల్లో ఉన్నందుకు స్కూలూ పోయింది, స్కాలర్‌షిప్పూ పోయింది. అయినా కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీ దాకా వచ్చారు. అక్కడ సత్యేంద్రనాథ్ బోస్ క్లాస్‌మేట్.

అప్పట్లో ఖగోళ శాస్త్రంలో ఒక చిక్కు ఉండేది. నక్షత్రాల కాంతిని వర్ణపటంగా విడదీస్తే నల్ల గీతలు కనిపిస్తాయి. ఒక్కో మూలకానిది ఒక్కో వరస. కొన్ని నక్షత్రాల్లో హైడ్రోజన్ గీతలు బలంగా ఉంటే, కొన్నింటిలో కాల్షియం, మరికొన్నింటిలో హీలియం. మరి ఒక్కో నక్షత్రం ఒక్కో సరుకుతో తయారైందా?

1920లో సాహా దీన్ని కెమిస్ట్రీ ప్రాబ్లమ్‌లా చూశారు. పరమాణువు ఎలక్ట్రాన్‌ని వదలడం, మళ్లీ పట్టుకోవడం, ఇదొక రివర్సిబుల్ రియాక్షన్ అన్నమాట. వేడి పెరిగితే ఎలక్ట్రాన్లు ఎక్కువ ఊడిపోతాయి. పీడనం తగ్గితే తిరిగి దొరకడం కష్టం. ఈ దారి మొదట ఎగర్ట్ అనే జర్మన్ చూపించాడు గానీ, ఒక్కో మూలకానికీ ల్యాబ్‌లో కొలిచిన అయనీకరణ శక్తిని అందులో పెట్టి లెక్కకట్టింది సాహానే. ఎలక్ట్రాన్ పోతే గీతలు మారిపోతాయి. కాబట్టి గీత లేనంత మాత్రాన మూలకం లేనట్టు కాదు.

రుబీడియం ఎలక్ట్రాన్ చాలా తేలిగ్గా ఊడిపోతుంది, అందుకే సూర్యకాంతిలో దాని గీతలు లేవు; చల్లగా ఉండే సూర్యమచ్చల్లో వెతికితే దొరకాలి అన్నారాయన. వెతకడానికి కలకత్తాలో పరికరాలు ఎక్కడివి! అంతకుముందు ఒక పెద్ద వ్యాసాన్ని అచ్చు ఖర్చు ఇస్తేనే వేస్తామంది అమెరికా పత్రిక. ఆ డబ్బే లేదు. చివరికి మౌంట్ విల్సన్ అబ్జర్వేటరీ స్పెక్ట్రమ్‌లలో రసెల్ వెతికితే రుబీడియం దొరికింది. 1925లో సిసీలియా పేన్ ఇదే సమీకరణంతో నక్షత్రాల్లో ఎక్కువ భాగం హైడ్రోజనే అని తేల్చింది.

ఆ తర్వాత అలహాబాద్‌లో పదిహేనేళ్లు పాఠాలు, మళ్లీ కలకత్తాలో న్యూక్లియర్ ఫిజిక్స్ సంస్థ, 1952లో స్వతంత్ర అభ్యర్థిగా లోక్‌సభ. జాతీయ క్యాలెండర్ కమిటీకి అధ్యక్షుడూ ఆయనే. ఆ క్యాలెండర్ 1957 మార్చి 22న అమల్లోకి వచ్చింది. అప్పటికి సాహా లేరు. 1956 ఫిబ్రవరి 16న ఢిల్లీలో ప్రణాళికా సంఘం ఆఫీసుకి వెళ్తూ దారిలోనే గుండెపోటుతో పోయారు.