రాతిమీద రవివర్మ

మన ఇళ్ళలో దేవుడి గూటి దగ్గర సరస్వతి పటం ఒకటి ఉంటుంది. చేతిలో వీణ, పక్కన నెమలి, జరీ అంచు తెల్లచీర. సరస్వతి అంటే ఇలాగే ఉంటుందని చిన్నప్పటినుంచీ మన నమ్మకం. ఆ రూపాన్ని మన కళ్ళలో నిలిపినవాడు రాజా రవివర్మ. ఇంకా నిజం చెప్పాలంటే, ఆయన పెట్టిన అచ్చుయంత్రం.

1848లో తిరువాన్కూరు సంస్థానంలోని కిలిమానూరులో పుట్టాడు. మేనమామ రాజరాజవర్మ దగ్గర తొలి పాఠాలు. కుర్రతనంలోనే తిరువనంతపురం రాజాస్థానానికి చేరాడు. ఆ రోజుల్లో తైలవర్ణ చిత్రం మనదేశానికి కొత్త విద్య. ఆస్థాన చిత్రకారుడు రామస్వామి నాయుడు ఆ గుట్టు చెప్పనన్నాడు. థియొడోర్ జెన్సన్ అనే దొర వచ్చినప్పుడు, తాను వేస్తుంటే పక్కన నిలబడి చూడనిచ్చాడంతే. అలా చూసీ చూసీ, పాడుచేసుకునీ నేర్చుకున్న మనిషి 1873లో మద్రాసు ప్రదర్శనలో బంగారు పతకం కొట్టాడు. విద్య దాచుకునే పెద్దలకు ఇంతకన్నా జవాబేం కావాలి!

ఇక సంస్థానాల పిలుపులు మొదలయ్యాయి. బరోడా మహారాజుకు పురాణ కథలమీద 14 చిత్రాలు వేశాడు. వాటిని బొంబాయిలో ప్రదర్శనకు పెడితే జనం విరగబడి చూశారు. చూసి వెళ్ళారు సరే, ఇంటికి ఏం పట్టుకెళ్ళగలరు? బొమ్మలేమో రాజుగారి గోడకెక్కాయి. బరోడా దివానుగా చేసిన సర్ టి. మాధవరావుకు ఈ సంగతి ముందే తట్టింది. ఈ చిత్రాలను యూరపుకు పంపి అచ్చువేయించమని సలహా ఇచ్చాడు. రవివర్మ యూరపుకు పంపడం కాదు, యూరపునే ఇక్కడికి రప్పించాడు. 1894లో బొంబాయిలో ప్రెస్సు పెట్టాడు. యంత్రాలూ, నిపుణులూ జర్మనీనుంచి వచ్చారు.

ఆ పని ఎలా జరిగేదో చెప్పుకోవాలి. నున్నటి సున్నపురాతి పలకమీద జిడ్డు సుద్దతో బొమ్మ గీస్తారు. రాయిని నీళ్ళతో తడిపి సిరా పూస్తే, సిరా జిడ్డున్నచోటే అంటుకుంటుంది. ఒక్కో రంగుకు ఒక్కో రాయి. ఒకే కాగితం అన్ని రాళ్ళకిందా వెంట్రుకవాసి తేడా రాకుండా నలగాలి. తప్పిందా, దేవత పెదవిరంగు బుగ్గమీదికి జారుతుంది! ఇలా తయారైన మొదటి బొమ్మ శకుంతలా జననం. లక్ష్మీ, సరస్వతులు తర్వాత వచ్చారు. పూనా చిత్రశాల, కలకత్తా ఆర్ట్ స్టూడియో అంతకుముందే దేవుళ్ళను అచ్చువేశాయి కాని, ఈ పటాలకొచ్చిన పేరు వాటికి రాలేదు.

గుడి గడప తొక్కనివ్వని వాళ్ళ ఇంటిగోడమీదికి కూడా దేవుడు నడిచివచ్చాడు. మతాధికారులెవరూ చేయని ఈ పని ఒక యంత్రం చేసింది. రవివర్మ గొప్పతనమంతా నాకు ఇక్కడే కనిపిస్తుంది.

అయితే ఆయనకు మిగిలిందేమిటి? అప్పులు. బొంబాయిలో ప్లేగు చెలరేగి వ్యాపారం దెబ్బతింది. 1899లో ప్రెస్సును లోనావాలా వైపు మార్చారు. అక్కడా గిట్టుబాటు కాక చివరికి జర్మన్ నిపుణుడు ఫ్రిట్జ్ ష్లైకర్‌కు, చిత్రాలు అచ్చువేసుకునే హక్కుతో సహా అమ్మేశారు. ఇక ఆ బొమ్మలమీద రవివర్మ చేయి లేదు. అవి క్యాలెండర్లకూ, అగ్గిపెట్టెలకూ ఎక్కాయి. ఆనంద కుమారస్వామి వంటి విమర్శకులు ఆయన కళలో భారతీయత లేదని తీసిపారేశారు. ఆ విమర్శలో కొంత న్యాయం లేకపోలేదు. కాని చవక అచ్చులో వెలిసిన రంగులను చూసి కుంచెను తూచడం మాత్రం సబబు కాదు.

1902లో అన్నదమ్ములిద్దరూ మన హైదరాబాదు వచ్చారు. ఫొటోగ్రాఫర్ రాజా దీన్‌దయాళ్‌ను కలుసుకున్నారు. కుంచె మనిషీ కెమెరా మనిషీ ఏం మాట్లాడుకుని ఉంటారో! రవివర్మకు ఫొటో అంటే చిన్నచూపు లేదు. బొమ్మ వేసేటప్పుడు ఫొటోల సాయం తీసుకునేవాడు. తోడూనీడగా, బొమ్మల్లో సగం చేయిగా ఉన్న తమ్ముడు రాజరాజవర్మ 1905లో పోయాడు. 1906 అక్టోబరు 2న అన్నా కన్నుమూశాడు.

ఆ ప్రెస్సులో కొంతకాలం పనిచేసిన ఫాల్కే 1913లో దేవతలనూ రాజులనూ తెరమీద కదిలించాడు. ప్రెస్సు మాత్రం 1972లో మంటల్లో కాలిపోయింది. పటాలు మన గోడలమీదే ఉన్నాయి.